ఆంబ్రోస్ నడక

లైల్ ప్రెంటిస్ చేసిన పని మనిషి పుట్టుక పుట్టినవాడు చేసేది కాదు.

ఆంబ్రోస్ విట్లో అనే ఆయన్ని మట్టిలో పెట్టి అప్పటికి రెండు రోజులు. గురువారం మధ్యాహ్నం తన రేడియో జాజ్ కార్యక్రమంలో ఆ ప్రెంటిస్ గొంతు బరువు చేసుకుని, ఫిలడెల్ఫియా ఒక గొప్ప బాస్ వాద్యకారుణ్ణి పోగొట్టుకుంది అన్నాడు. ఆయన జ్ఞాపకార్థం అంటూ ఆంబ్రోస్ సొంతంగా కట్టిన ఒకే ఒక్క పాట, 'సోమవారం బట్టలు', రికార్డు పెట్టాడు. సాక్సోఫోన్ వాడు నాలుగు ఆవర్తాలు ఊదాడు, ప్రెంటిస్ నోరు మూసుకుని విన్నాడు. పియానో మూడు ఆవర్తాలు వాయించింది, అప్పుడూ విన్నాడు. తర్వాత సాక్సోఫోనూ పియానో ఆగిపోయి, ఆంబ్రోస్ ఆ నిలువెత్తు ఫిడేలు మీద వేళ్ళేసి తన సోలో మొదలుపెట్టాడో లేదో, ప్రెంటిస్ పాట గొంతు నొక్కేసి దాని మీద మాట్లాడ్డం మొదలెట్టాడు. దేని గురించి? ఆంబ్రోస్ గురించే. ఎంత నెమ్మదస్తుడు, ఎంత తక్కువమందికి తెలిసినవాడు, బతికున్నన్నాళ్ళూ మనం ఆయన్ని సరిగా వినలేదు కదా, అని. వినలేదని చెప్పడం కోసం వినపడకుండా చేశాడు. ఏడుపు అయ్యేసరికి సోలో కూడా అయిపోయింది. అప్పుడు మళ్ళీ శబ్దం పెంచాడు, సాక్సోఫోన్ కోసం.

వెర్నెల్ స్ప్రాట్లీ ఇదంతా బస్సు డిపోలో, చేతిలో నీళ్ళ గొట్టంతో నిలబడి విన్నాడు. విన్నంతసేపూ గొట్టం ఒకే కిటికీ మీద ఉండిపోయింది. ఆ కిటికీ తీసి ఉంది. లోపల కూర్చుని రొట్టె తింటున్న డ్రైవరు తడిసి ముద్దయి బయటికొచ్చి, "ఒరే, నీకేం పోయేకాలం వచ్చిందిరా?" అని అరిచాడు.

"పోయింది నేను కాదు" అన్నాడు వెర్నెల్. "ఆ రేడియోలో వాడు పోవాలి."

వెర్నెల్‌కి యాభై ఎనిమిదేళ్ళు. పగలు బస్సులు కడుగుతాడు, శుక్ర శనివారాలు డ్రమ్స్ వాయిస్తాడు. తొమ్మిదో తరగతితో బడికి దణ్ణం పెట్టాడు. మూడో పెళ్ళాం కూడా టీవీ పట్టుకుని వెళ్ళిపోయింది. ఇక తనది అని చెప్పుకోడానికి మిగిలింది ఒక్కటే. జర్మన్‌టౌన్ నుంచి సౌత్ స్ట్రీట్ దాకా వాయించే ప్రతివాడూ అతన్ని 'గడియారం' అంటాడు. పాట ఏ వేగంలో మొదలుపెడితే ఆ వేగంలోనే ముగిస్తాడు, ఇటు వెంట్రుకవాసి కదలదు, అటు కదలదు. ఆ ఒక్క పేరు మీద మనిషి ఇన్నాళ్ళూ తలెత్తుకుని తిరిగాడు. తనదీ ఆంబ్రోస్‌దీ ఒకటే రాత అని అతని లెక్క. ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్కపక్కన నిలబడి ఇద్దరూ లయ మోశారు. ముందు నిలబడి ఊదినవాళ్ళ ఫొటోలు గోడలకెక్కాయి.

ఆదివారం మధ్యాహ్నం షైలో చర్చిలో ఆంబ్రోస్ సంస్మరణ సభ ఉంది. ఆ పాట అక్కడ మళ్ళీ వాయిస్తారు. పూర్తిగా, బాస్ సోలోతో సహా, ఆ ప్రెంటిస్ మొహం మీదే వాయిస్తాం అని వెర్నెల్ ఆ తడిసిన బస్సు పక్కనే నిశ్చయం చేసుకున్నాడు.

*

శుక్రవారం నాలుగింటికి చర్చి నేలమాళిగలో రిహార్సల్. వెర్నెల్ అందరికంటే ముందు వెళ్ళి పాత తివాసీ ముక్క పరిచాడు. డ్రమ్ములు జారకుండా దాని మీద అమర్చి, కుడివైపు ఇత్తడి పళ్ళేన్ని తల ఎత్తుకి తెచ్చి మరచుట్టు బిగించాడు. ఆ పళ్ళెం అంచు ఒకచోట విరిగి ఉంటుంది. పుల్లతో దాన్ని తడుతుంటే వచ్చే సన్నటి చప్పుడే పాటకి వెన్నెముక అని అతను చిన్నవాళ్ళకి చెబుతుంటాడు, వాళ్ళు అడక్కపోయినా.

పియానో వాయించే కార్నెల్ బిబ్స్ వచ్చి, టోపీ తియ్యకుండానే కూర్చున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. మాట తక్కువ, ఉన్న మాటకి ముల్లు ఎక్కువ.

"బాస్‌కి ఎవర్ని పిలిచావు అన్నా?"

"రెనాటా అప్షర్‌ని. బళ్ళో సంగీతం చెబుతుంది. మంచి చెయ్యి."

"బడిపంతులమ్మా?"

"ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న బాస్ వాద్యకారులు ఈ ఊళ్ళో ఇద్దరే. రెండోవాడు మొన్నే సమాధికెళ్ళాడు."

రెనాటా తన వాద్యాన్ని వీపు మీద మోసుకుంటూ మెట్లు దిగింది. ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరేళ్ళుంటాయి. సుద్దపొడి ఇంకా మోచేతికి అంటే ఉంది. "నమస్తే స్ప్రాట్లీ గారూ, మీతో వాయించడం ఇదే మొదలు" అంది. వెర్నెల్ తల ఊపి, తన ఎడమపక్క నేల చూపించాడు. ఆంబ్రోస్ ఎప్పుడూ అక్కడే నిలబడేవాడు. డ్రమ్ముకీ బాస్‌కీ మధ్య అరచెయ్యి పట్టేంత చోటు ఉంటే ఎక్కువ. ఎంత పెద్ద వేదికైనా అంతే.

వెర్నెల్ పుల్లలు తాటించి లెక్కపెట్టాడు. పాట లేచింది. మొదటి రెండు ఆవర్తాలు పెళ్ళికొడుకు నడిచినట్టు నడిచింది. ఆ పిల్ల వేళ్ళు బాగానే ఉన్నాయి, ఒక్కో స్వరం గుండ్రంగా, నిండుగా పడుతోంది. వెర్నెల్‌కి హుషారొచ్చింది. ఆవర్తం చివర ఒక విసురు విసిరాడు, చిన్న డ్రమ్ము మీంచి పెద్దదాని మీదికి గలగలమని. ఇంకో ఆవర్తం, ఇంకో విసురు. పాట అయిపోయేసరికి బిబ్స్ రెండు మణికట్లూ పట్టుకుని పిసుక్కుంటున్నాడు.

"ఇది సోమవారం బట్టలు ఆరేసుకునే పాటా, సోమవారం పొద్దున్నే బస్సు తప్పిపోయే పాటా?" అన్నాడు.

"అమ్మాయ్" అన్నాడు వెర్నెల్, "నువ్వు పరిగెడుతున్నావు."

"నేను మీ పళ్ళెం వెంటే వస్తున్నానండీ."

"నా పళ్ళెం పరిగెత్తదు. ఊళ్ళో ఎవర్నైనా అడుగు. మళ్ళీ మొదలెడదాం."

మళ్ళీ వాయించారు. మళ్ళీ అదే వరస. మూడోసారి రెనాటా తన ఫోను పియానో మూత మీద పెట్టింది. పాట మొదట్లో ఎడమచేత్తో దాని మీద నాలుగైదుసార్లు తట్టింది. చివర్లో వాయించడం ఆపేసి, పళ్ళేన్ని విని మళ్ళీ తట్టింది. ఇద్దరికీ చూపించింది. దెబ్బకి దెబ్బకి మధ్య ఎంత కాలం పట్టిందో చూసి, నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ ఫోనే చెబుతుంది. మొదట్లో నూట ముప్ఫై ఎనిమిది. చివర నూట యాభై అయిదు.

"ఎవరివల్ల అని నేననడం లేదు" అంది.

"బస్సులు కడిగేవాడికి ఫోను తాళం నేర్పుతుందా ఇప్పుడు?" వెర్నెల్ గొంతు లేచింది. "నేను పద్నాలుగో ఏట నుంచీ ఈ బల్ల మీద కూర్చుంటున్నా. నా లయ తప్పిందన్నవాడు ఇంతవరకూ లేడు. నీ మటుకు నువ్వు నిలబడలేక నామీద తోస్తున్నావు. ఇదివరకూ ఇంతే, ఆంబ్రోస్ అన్నకి జొరమొచ్చి ఎవణ్ణి పంపినా ఇంతే. ఒక్కడికీ నిలకడ లేదు. వాయించినవాడు మళ్ళీ మొహం చూపించడు, సిగ్గేసి."

బిబ్స్ పియానో మూత మెల్లగా దించాడు. ఏదో అనబోయి, టోపీ సర్దుకున్నాడు.

"బిబ్స్ అన్నా, నువ్వు చెప్పు. ఎవరు పరిగెడుతున్నారు?"

"నాకు ఆకలేస్తోంది" అన్నాడు బిబ్స్.

రెనాటా మొహం ఎర్రబడింది కానీ మాట తూలలేదు. "మీకు నేను వద్దనుకుంటే చెప్పండి స్ప్రాట్లీ గారూ, ఏమీ అనుకోను. కానీ ఆంబ్రోస్ గారికి వాయించాలని ఉంది నాకు."

ఆ మాటకి వెర్నెల్ కొంచెం చల్లబడ్డాడు. "వద్దని కాదు. నీకు అసలు లయంటే ఏంటో వినిపించాలి. ఆంబ్రోస్ అన్న ఇంట్లో, ఓర్లీన్ వదిన దగ్గర టేపులున్నాయి, మేమిద్దరం వాయించినవి. రేపు తెస్తా. అందులో ఆ ఫోను పెట్టి తట్టుకో."

"వదినగారు నన్నూ రమ్మన్నారండీ రేపు. ఆదివారం నా వాద్యం వద్దట, ఆయనదే వాయించాలట. ఊరికే నిలబెడితే మూగబోతుందని ఫోన్లో ఏడ్చారు."

"అయితే అక్కడే విందువుగాని" అన్నాడు వెర్నెల్, కేసు గెలిచినవాడిలా.

*

శనివారం డిపోలో టీ తాగే వేళకి వెర్నెల్ రేడియో స్టేషన్‌కి ఫోన్ చేశాడు. మూడుసార్లు ఎవరెవరికో కలిపి చివరికి ప్రెంటిస్‌కి కలిపారు.

"ఎవరూ, వెర్నెల్ స్ప్రాట్లీ గారా? మన గడియారం గారే!"

తిట్టడానికి నోరు తెరిచిన వెర్నెల్‌కి గొంతు కాస్త దిగింది.

"గురువారం నువ్వు ఆంబ్రోస్ అన్న సోలో మీద మాట్లాడావు" అన్నాడు.

"మాట్లాడానా?" ప్రెంటిస్ నిజంగానే ఆలోచించాడు. "అయ్యుండొచ్చు. బాస్ సోలోలో మాట్లాడకపోతే వినేవాళ్ళు వేరే స్టేషన్‌కి తిప్పేస్తారండీ, అదొక అలవాటు. అయినా ఆ రికార్డంటే నాకు ప్రాణం. అందులో ఆ లయ! గోడకట్టు కట్టినట్టు! ఆ లయ ఎవరిదో ఊళ్ళో ఎవరికి తెలీదు చెప్పండి? మీ పేరు కూడా చెప్పాల్సింది నేను. పొరపాటైపోయింది."

"ఆ... అదేముందిలే" అన్నాడు వెర్నెల్.

"ఆదివారం వస్తున్నాను. నాలుగు మాటలు రికార్డు చేసుకుంటాను, మీవే ముందు."

ఫోను పెట్టేశాక, తిట్టడం మర్చిపోయానని వెర్నెల్‌కి తెలిసొచ్చింది. చల్లారిన టీ పారబోశాడు. కోపం వచ్చింది గాని, గోడకట్టు కట్టినట్టు అన్న మాట మాత్రం సాయంత్రం డ్యూటీ దిగేదాకా నోట్లో బెల్లంముక్కలా నానుతూనే ఉంది.

ఓర్లీన్ ఇల్లు జర్మన్‌టౌన్‌లో, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళ వరసలో చివరిది. వెర్నెల్ వెళ్ళేసరికి ఆమె వంటింటి బల్ల మీద ఆంబ్రోస్ తెల్ల చొక్కాలు మడతపెడుతోంది. ఒక్కోదాని కాలరు వేలితో తడిమి, చిరుగు లేనివి చర్చికి, ఉన్నవి గుడ్డపీలికలకి వేరు చేస్తోంది. రెనాటా అప్పటికే వచ్చింది. ఆంబ్రోస్ వాద్యం గోడకి ఆనించి ఉంది. భుజం దగ్గర రంగంతా పోయి, లోపలి చెక్క అరచేతి మేర తేలి కనిపిస్తోంది.

"రా వెర్నెల్. తిన్నావా? కూర వేడిగా ఉంది."

"తర్వాత వదినా. ముందు ఒక టేపు కావాలి. 'సోమవారం బట్టలు' ఉన్నది."

ఆంబ్రోస్‌కి ఒక అలవాటుంది. ఎక్కడ వాయించినా అరచేతిలో పట్టే చిన్న టేపు రికార్డరు తన కాలి దగ్గర నేల మీద పెట్టుకునేవాడు. తర్వాత ఇంట్లో విని, తన తప్పులు తనే పట్టుకునేవాడు. ఓర్లీన్ మంచం కింది నుంచి చెప్పుల పెట్టె లాగింది. నిండా క్యాసెట్లు. ప్రతిదాని మీదా పెన్సిలుతో తేదీ, ఊరు.

ఈలోగా రెనాటా ఆ వాద్యం పక్కన నిలబడి ఒక తీగ లాగింది. చెయ్యి విదిలించి వేలు చూసుకుంది.

"అమ్మా, ఇదేంటి ఇంత ఎత్తున ఉన్నాయి తీగలు? అడుగున నా చిటికెనవేలు దూరిపోతోంది. ఇలా వాయిస్తే గంటకి వేళ్ళు చిట్లిపోతాయి."

"చిట్లేవి" అంది ఓర్లీన్, చొక్కా మడత పెడుతూనే. "మొదట్లో అలా ఉండేవి కావులే. అదిగో, తీగల్ని ఎత్తిపట్టే ఆ చెక్క ఉంది చూడు, దాని పాదాల కింద సన్నటి పలకలు రెండు కనబడుతున్నాయా? అవి తర్వాత పెట్టించినవి. వెర్నెల్‌తో వాయించడం మొదలెట్టిన ఏడు. రిపేరు చేసే ముసలాయన వద్దని మొత్తుకున్నాడు. ఈయన వినలేదు. బరువుగా ఉంటేగానీ ఆనదు అన్నాడు."

"పాత రోజుల్లో మైకులు లేవు వదినా, అందుకని" అన్నాడు వెర్నెల్.

"మైకుండేదిగా నాయనా. ఇదిగో టేపు."

క్యాసెట్టు వంటింటి రేడియోలో పెట్టారు. గ్లాసుల చప్పుడు, ఎవరో దగ్గడం, తర్వాత పుల్లలు తాటించి లెక్కపెట్టిన వెర్నెల్ గొంతు, ఇప్పటికంటే సన్నగా. పాట లేచింది. రికార్డరు ఆంబ్రోస్ కాలి దగ్గర ఉండడంతో బాస్ ఈ వంటింట్లోనే వాయిస్తున్నంత దగ్గరగా వినిపిస్తోంది. మిగిలినవాళ్ళు పక్కగదిలో ఉన్నట్టున్నారు. వెర్నెల్ కుర్చీ వెనక్కి వాల్చి రెనాటా వైపు చూశాడు. ఆమె ఫోను తీసి తట్టింది. నూట ముప్ఫై ఎనిమిది. నాలుగు నిమిషాల దగ్గర తట్టింది. నూట ముప్ఫై ఎనిమిది. పన్నెండో నిమిషంలో, పాట ముగియబోతుండగా తట్టింది. నూట ముప్ఫై ఎనిమిది.

"చూశావా!" వెర్నెల్ బల్ల మీద చరిచాడు. మడతపెట్టిన చొక్కాలు కదిలాయి. "లయంటే అదీ! ఒక్క దెబ్బ తేడా లేదు! మేం ఇద్దరం కలిస్తే అలా ఉండేది. మళ్ళీ విను, మొదట్నుంచీ. నేనెక్కడైనా కదిలానేమో చెప్పు."

టేపు వెనక్కి తిప్పి తనే మళ్ళీ పెట్టాడు.

ఈసారి తనూ విన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ పాటని డ్రమ్ముల వెనక కూర్చునే విన్నాడు. అక్కడ పళ్ళెం హోరులో బాస్ కాళ్ళ కింద నేలలా ఉండేది. నేల చప్పుడు ఎవరు వింటారు? ఇప్పుడది ముందుకొచ్చి నిలబడింది. మొదటి ఆవర్తం చివర వెర్నెల్ విసురు వచ్చింది, గలగలమని. ఆ విసురు ముగిసి పళ్ళెం మళ్ళీ అందుకున్నచోట, పళ్ళెం ఒక అడుగు ముందుంది. బాస్ దానితో వెళ్ళలేదు. పెద్ద కుక్కని గొలుసుతో పట్టుకున్నవాడు మడమలు నేలకి తన్నిపెట్టినట్టు, స్వరాలు ఒక్కసారిగా బరువెక్కి, వెనక్కి ఆనుకుని పడ్డాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తీగ చెక్కకి తగిలి టప్పుమన్న చప్పుడు కూడా వినబడింది. నాలుగు దెబ్బల వరసలు నాలుగు గడిచేసరికి పళ్ళెం వెనక్కొచ్చి తన చోట కూర్చుంది, తనంతట తనే వచ్చినట్టు. బాస్ మళ్ళీ తేలికపడింది.

తర్వాతి విసురు. మళ్ళీ అంతే. దాని తర్వాతిది, అంతే.

వెర్నెల్ కుర్చీ ముందుకి వాలింది. ఏడోసారో ఎనిమిదోసారో అయ్యాక అతను లెక్కపెట్టడం మానేశాడు. రెనాటా కూడా విన్నది. ఫోను బోర్లా పెట్టేసి, లేచి వెళ్ళి గిన్నెలు కడిగే తొట్టిలో లేని గిన్నెల కోసం చూస్తూ నిలబడింది.

ఓర్లీన్ వింటున్నది మొగుడి చేతిని. కళ్ళు తుడుచుకుని నవ్వింది. "పాపం, నీతో వాయించి వచ్చిన రోజు మాత్రం గోరువెచ్చటి ఉప్పునీళ్ళు సిద్ధంగా ఉంచమనేవాడు. ఇంటికి రాగానే చెయ్యి అందులో పెట్టుకుని కూర్చునేవాడు. మిగతావాళ్ళతో వాయిస్తే అక్కర్లేదు. నీతో అయితేనే."

"నీకు చెప్పేవాడా వదినా? ఎందుకో?"

"చెప్పడానికేముంది. వెర్నెల్ చేతిలో ఉన్నంత నిప్పు ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు ఓర్లీన్, ఇల్లు అంటుకోకుండా చూసుకుంటే చాలు, అనేవాడు. మురిసిపోతూ చెప్పేవాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఓర్లీన్ చొక్కా కిందపెట్టి అతని మొహం చూసింది. అప్పుడుగాని ఆమెకి అర్థం కాలేదు, ఇది ఇతనికి తెలీదని.

"చెప్తే నువ్వు భయపడుతూ వాయిస్తావట నాయనా" అంది మెల్లగా. "భయపడేవాడితో వాయించడం తనకి ఇష్టం లేదట."

టేపు అయిపోయి టక్కున ఆగింది. వెర్నెల్ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"కూర?"

"ఆకల్లేదు వదినా."

*

ఆదివారం ఒంటిగంటకల్లా నేలమాళిగ నిండిపోయింది. మడతకుర్చీలు చాలక చిన్నవాళ్ళు గోడలకి ఆనుకున్నారు. వెనక బల్లల మీద వేయించిన కోడీ, ఆకుకూరా, మాకరోనీ పళ్ళేలు రేకు కాగితాలు కప్పుకుని ఉన్నాయి. ముందువరసలో ఓర్లీన్. గోడ పక్కన లైల్ ప్రెంటిస్, నీలం కోటు వేసుకుని, చేతిలో చిన్న రికార్డరుతో, కనబడ్డవాడికల్లా చెయ్యి కలుపుతున్నాడు.

వెర్నెల్ పళ్ళెం బిగిస్తూ పియానో వైపు వంగాడు.

"అన్నా, నీకు తెలుసా?"

బిబ్స్ ఏది అని అడగలేదు. "పియానో ముందు కూర్చున్నవాడికి తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళూనా?"

"మొదటివారమే తెలిసింది. చెబుదామంటే ఆంబ్రోస్ ఒట్టు వేయించుకున్నాడు. తను పోయాక కూడా నా నోరు రాలేదు మొన్న." బిబ్స్ టోపీ తీసి పియానో మీద పెట్టాడు. అతని బట్టతల చూసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. "ఊళ్ళో బాస్ వాయించేవాళ్ళు నీతో రెండోసారి ఎందుకు రారనుకున్నావురా? సిగ్గేసా? చేతులు నొప్పెట్టి."

రెనాటా ఆంబ్రోస్ వాద్యం పట్టుకుని ఎడమపక్కకి వచ్చింది. చూపుడువేలికి ముందే బట్టపట్టీ చుట్టుకుంది.

"అమ్మాయ్" అన్నాడు వెర్నెల్. పళ్ళెం మరచుట్టు ఇంకోసారి బిగించాడు. "నేను పరిగెడతాను. నాతో రాకు."

ఆమె అతని మొహం చూసింది. "సరేనండీ" అంది. "ఎంతవరకు పట్టగలనో చూస్తా."

పాట మొదలైంది. మొదటి ఆవర్తంలో వెర్నెల్ తనని తాను వింటూ వాయించాడు. ప్రతి దెబ్బా వెయ్యబోయే ముందు ఒక్కసారి ఆలోచించాడు. పళ్ళెం తడిగుడ్డలా మోగింది. ముందువరసలో ఆడవాళ్ళ విసనకర్రలు ఊపు తప్పాయి. బిబ్స్ తలెత్తకుండానే, "భయపడ్డావు" అన్నాడు.

అంతే. వెర్నెల్ పళ్ళు బిగించి విసురు విసిరాడు. పళ్ళెం ముందుకి దూకింది. ఎడమపక్కన తీగ చెక్కకి తగిలిన చప్పుడు టప్పున వినబడింది. ఆ పిల్ల రాలేదు. మడమలు తన్నిపెట్టి నిలబడింది. రెండు వరసలు లాగింది, మూడు లాగింది. కొంత అతన్ని వెనక్కి తెచ్చింది, కొంత తనే ముందుకొచ్చింది. పక్కన ఒక మనిషి తనని లాగుతున్నట్టు వెర్నెల్‌కి తెలియడం జీవితంలో అదే మొదటిసారి. తెలిసీ ఆగలేకపోయాడు. పుల్లలు అతని చేతుల్ని తీసుకుపోతున్నాయి. జనం కుర్చీల్లో ఊగుతున్నారు, "అదీ! అదీ!" అంటున్నారు.

బాస్ సోలో వచ్చింది. ఎప్పుడూ అయితే డ్రమ్ములవాడు అడుగున సన్నగా తాళం వేస్తూ ఉంటాడు. వెర్నెల్ పుల్లలు రెండూ నేలమీద పెట్టేసి చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పాట అయిపోయిందనుకుని ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టి, నాలిక్కరుచుకున్నారు. వెనక బల్లల దగ్గర రేకు కాగితం విప్పుతున్న ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎవరూ దగ్గలేదు. ఆ నిశ్శబ్దంలో రెనాటా ఒక్కతే, ఆంబ్రోస్ తీగల మీద, ఒక్కో స్వరాన్నీ తీసి బట్ట ఆరేసినట్టు ఆరేసుకుంటూ పోయింది. ఎక్కడా తొందర లేదు. ఆ నడకలో వెర్నెల్ లేడు. అతను లేకుండా ఆ నడక ఎంత బాగా నిలబడుతుందో, అతను తల వంచుకుని, చివరి స్వరం దాకా విన్నాడు.

పాట అయ్యాక హాలు లేచి నిలబడింది. ఓర్లీన్ రెనాటాని కౌగిలించుకుంది. రెనాటా వేలి పట్టీ ఎర్రగా తడిసింది.

భోజనాల దగ్గర ప్రతివాడూ వెర్నెల్ వీపు తట్టాడు. చర్చి పెద్దమ్మ ఒకావిడ అతని పళ్ళెంలో రెండు కోడికాళ్ళు వేస్తూ, "ఆంబ్రోస్ పోయినా మన గడియారం తప్పలేదు నాయనా, అదే చాలు" అంది. అతను ఆ పళ్ళెం అలాగే పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ రెనాటా గోడకి ఆనుకుని కూర్చుని, ఫోనులో ఇందాకటి పాట రికార్డు పెట్టుకుని, బాగున్న చేత్తో తడుతోంది.

"ఎంత?"

"వదిలెయ్యండి స్ప్రాట్లీ గారూ. జనం సంతోషంగా ఉన్నారు. ఎవరికీ తెలీలేదు."

"ఎంతమ్మా?"

"నూట ముప్ఫై ఎనిమిది" అంది ఆమె. "చివర నూట నలభై ఆరు."

వెర్నెల్ తల ఊపాడు. అంతలో లైల్ ప్రెంటిస్ నీలం కోటు వాళ్ళిద్దరి మధ్యకీ వచ్చింది.

"అద్భుతం వెర్నెల్ గారూ! ఒక్క మాట చాలు, గురువారం కార్యక్రమానికి. ఆంబ్రోస్ అంటే మీకేం గుర్తొస్తుంది?"

వెర్నెల్ చేతిలో పళ్ళెం మెట్టు మీద పెట్టి, రికార్డరుని ప్రెంటిస్ చేతిలోనే ఉంచి, ఆ చేతిని తన నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"దీని మీద నువ్వు మాట్లాడకు" అన్నాడు. "ఈ ఊరు నన్ను గడియారం అంటుంది. అబద్ధం. నేను 'సోమవారం బట్టలు' నూట ముప్ఫై ఎనిమిది దగ్గర మొదలెడతాను. పక్కన ఆంబ్రోస్ విట్లో ఉంటే పన్నెండు నిమిషాల తర్వాత కూడా నూట ముప్ఫై ఎనిమిదే. ఇవాళ ఈ అమ్మాయి వేలు చిట్లేదాకా పట్టుకుంది, నూట నలభై ఆరయింది. పట్టుకునేవాళ్ళు లేకపోతే నూట యాభై అయిదు."

ప్రెంటిస్ రికార్డరు వైపూ, అతని వైపూ చూశాడు. "అంటే, నాకర్థం కాలేదు..."

"అంటే ఆయన పోయాక నాకు పోయింది నిమిషానికి పదిహేడు దెబ్బలు."